స్విచ్ రకం థ్రాటిల్ సెన్సర్ తీసేసి మూడు వైర్ల టీపీఎస్ పెట్టడం: దిశ, స్ప్రింగు, వైరింగు సందేహాలు

లూమ్_కట్ట

1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్. థ్రాటిల్ బాడీ ఒక్కటే, కేబుల్‌తో తెరుచుకునే రకం. పాత ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) స్థానంలో స్పీడునో అనే ఈసీయూ వస్తోంది. ఫ్యూయల్ టేబుల్ స్పీడ్ డెన్సిటీ పద్ధతిలో, అంటే మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ మీద నడుస్తుంది.

థ్రాటిల్ షాఫ్ట్ చివర ఇప్పుడున్నది పాత బాష్ తరహా స్విచ్. పిన్నులు మూడే, కానీ లోపల రెసిస్టెన్స్ ట్రాక్ లేదు. పూర్తిగా మూసినప్పుడు నడిమి పిన్ను ఒక చివరతో కలుస్తుంది, పూర్తిగా తెరిచినప్పుడు రెండో చివరతో కలుస్తుంది. దాని బదులు పెట్టడానికి వేరే ఇంజిన్ నుంచి తీసిన పొటెన్షియోమీటర్ రకం టీపీఎస్ (థ్రాటిల్ ఎంత తెరిచి ఉందో చెప్పే సెన్సర్) ఒకటి ఉంది. దాని మూడు పిన్నులను ఎ, బి, సి అనుకుంటే కొలతలు:

ఎ–సి మధ్య 4.8 కిలో ఓమ్స్, ఎటు తిప్పినా మారదు.
ఎ–బి మధ్య 1.1 నుంచి 5.5 కిలో ఓమ్స్.
బి–సి మధ్య 5.7 నుంచి 1.3 కిలో ఓమ్స్.
సెన్సర్ మొత్తం తిరుగుడు సుమారు 105 డిగ్రీలు, థ్రాటిల్ తిరుగుడు 82 డిగ్రీలు.

సందేహాలు ఇవి. ఎ–బి, బి–సి కలిపితే 6.8 వస్తోంది, 4.8 రావాలి కదా, సెన్సర్ పాడైనట్టేనా? రెండోది, సెన్సర్ లోపల తిరిగి వచ్చే స్ప్రింగు ఉంది. బాడీ మీద ఆనించి చూస్తే థ్రాటిల్ తెరుచుకునే దిశ, ఆ స్ప్రింగు బిగుసుకునే దిశ ఎదురెదురుగా ఉన్నాయి. రెండు చివరి వైర్లు తారుమారు చేస్తే సరిపోతుందా? మూడోది, షాఫ్ట్ చివర 8 మిల్లీమీటర్లు, రెండు పక్కల చదును చేసి 6 మిల్లీమీటర్లు ఉంది. సెన్సర్‌కి మాత్రం డి ఆకారపు రంధ్రం. జత కలిపే ముక్క ఎలా చేయాలి?

---

అయిదు_వోల్టులు

సెన్సర్ బాగానే ఉంది. వైపర్ (ట్రాక్ మీద జరిగే కాంటాక్టు) పిన్ను, అంటే మీ బి దారిలో కొన్ని సెన్సర్లకు లోపలే ఒక రక్షణ రెసిస్టర్ పెడతారు. ఎ–బి కొలిచినప్పుడు ఒకసారి, బి–సి కొలిచినప్పుడు ఇంకోసారి అది లెక్కలోకి వస్తుంది. 6.8 లోంచి 4.8 తీసేస్తే 2.0, అందులో సగం 1.0 కిలో ఓమ్. మీ రక్షణ రెసిస్టర్ అదే. ఈసీయూ ఇన్‌పుట్ దాదాపు కరెంటు లాగదు కాబట్టి రీడింగు మీద దీని ప్రభావం ఉండదు. అడ్డగోలుగా వైర్లు కలిపినప్పుడు ట్రాక్ కాలిపోకుండా కాపాడేది కూడా ఇదే.

అసలు సంగతి అక్కడే ఉంది. ఎ, సి తారుమారైతే రీడింగు తలకిందులవుతుంది, అంతే, ఏదీ కాలదు. 5 వోల్టులు పొరపాటున వైపర్‌కి వెళ్లి, ఒక చివర గ్రౌండ్‌కి వెళ్తే మాత్రం థ్రాటిల్ ఆ చివరకు చేరగానే 5 వోల్టులు నేరుగా గ్రౌండ్‌ని తాకుతాయి. రక్షణ రెసిస్టర్ లేని సెన్సర్ అయితే ఈసీయూ 5 వోల్టుల సరఫరా పడిపోతుంది. దాంతో మ్యాప్ సెన్సర్ రీడింగు పోతుంది, ఒక్కోసారి ఈసీయూ రీసెట్ అవుతుంది, ట్రాక్ చివర కాలుతుంది. ముందు ఏ రెండు పిన్నుల మధ్య విలువ మారడం లేదో పట్టుకోండి, మిగిలిన మూడోది వైపర్. మీరు ఆ పని చేసేశారు. వైరింగు అయ్యాక మీటరు ఎర్ర కొసను 5 వోల్టుల పిన్ను మీద, నల్ల కొసను సెన్సర్ గ్రౌండ్ మీద పెట్టి థ్రాటిల్‌ను మెల్లగా చివరి దాకా తిప్పండి. 5 వోల్టులు ఎక్కడా కదలకూడదు. కదిలితే వైర్లు తప్పు.

5 వోల్టులు ఈసీయూ ఇచ్చే సెన్సర్ సరఫరా నుంచే తీసుకోండి. విడిగా ఇంకో రెగ్యులేటర్ పెట్టడం కొందరికి అలవాటు, అది వద్దు. ఈసీయూ సెన్సర్ సిగ్నల్ వోల్టేజీని తన 5 వోల్టులతో పోల్చి కొలుస్తుంది. సరఫరా ఒకటే అయితే అది 4.9కి దిగినా నిష్పత్తి మారదు. వేరు వేరు సరఫరాలైతే ఆ తేడా అంతా థ్రాటిల్ కదిలినట్టు కనిపిస్తుంది.

పాత స్విచ్‌నే టీపీఎస్ ఇన్‌పుట్‌కి కలుపుదామన్న ఆలోచన ఎవరికైనా వస్తే: రెండు చివరల్లో తప్ప మిగతా దారంతా ఆ ఇన్‌పుట్ దేనికీ కలవకుండా గాల్లో వేలాడుతుంది. ఇగ్నిషన్ రొద ఏది దొరికితే అది చదువుతుంది. దాని మూసివేత కాంటాక్టును మటుకు, ఈసీయూలో ఖాళీ డిజిటల్ ఇన్‌పుట్ ఉంటే, ఐడిల్ గుర్తుగా వాడుకోవచ్చు.

జపాన్ కార్ల నాలుగు పిన్నుల సెన్సర్ దొరికినా ఇదే పద్ధతి: 5 వోల్టులు, సిగ్నల్, గ్రౌండ్, నాలుగోది ఐడిల్ స్విచ్. ఆ నాలుగోదాన్ని సిగ్నల్‌తో కలపకుండా వదిలేయండి. హాల్ రకం (అయస్కాంతంతో పనిచేసే) సెన్సర్ అయితే ఓమ్స్ కొలతలతో పిన్నులు తెలియవు. పిన్నుల వివరం దొరికే వరకు దానికి కరెంటు ఇవ్వొద్దు, తారుమారైతే చస్తుంది.

---

వెర్నియర్

వైర్లు మారిస్తే రీడింగు దిశ మారుతుంది, స్ప్రింగు దిశ మారదు. మీ రెండో ప్రశ్నకు జవాబు: సరిపోదు.

ఆ సెన్సర్‌ను మీ బాడీ మీద పెట్టాలంటే, థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు సెన్సర్‌ని పూర్తిగా తిప్పి పట్టుకుని బిగించాలి. అప్పుడు దాని స్ప్రింగు ఎప్పుడూ థ్రాటిల్‌ను తెరిచే వైపు తోస్తూ ఉంటుంది. బాడీ స్ప్రింగు బలమైనదే, రోజూ మూసేస్తుంది కూడా. కానీ కేబుల్ కాస్త జిగురు పట్టినా, బాడీ స్ప్రింగుల్లో ఒకటి విరిగినా, మూసే బలం తగ్గాల్సిన దానికంటే ఎక్కువ తగ్గిపోతుంది. థ్రాటిల్ విషయంలో ఇలాంటి రాజీ వద్దు. సెన్సర్ విప్పి స్ప్రింగు పీకేయడం ఇంకా అధ్వానం, సీలు పోతే లోపలికి నూనె ఆవిరి చేరుతుంది. మార్గాలు రెండే. అదే కుటుంబంలో ఎదురు దిశలో తిరిగే సెన్సర్ సంపాదించడం ఒకటి. షాఫ్ట్ రెండో చివర ఖాళీగా ఉంటే అటువైపు బిగించడం ఇంకొకటి, అటు నుంచి చూస్తే దిశ దానంతటదే మారుతుంది. సెన్సర్ రంధ్రం ఆరపార ఉన్న రకమైతే బోర్లా తిప్పి పెట్టొచ్చు, కానీ స్ప్రింగు ఉన్న వాటిలో చాలామటుకు ఒక పక్క మూసే ఉంటాయి.

జత ముక్క గురించి. ఇత్తడి గానీ మెత్తని ఉక్కు గానీ 14 మిల్లీమీటర్ల కడ్డీ తీసుకుని లేత్ మీద చేయించండి. ఒక పక్క షాఫ్ట్ చదునుల మీద కూర్చునేలా 6 మిల్లీమీటర్ల గాడి, రెండో పక్క సెన్సర్ రంధ్రానికి సరిపడే డి. షాఫ్ట్ చివర నడిమధ్యన 3.3 మిల్లీమీటర్ల డ్రిల్లుతో 12–15 మిల్లీమీటర్ల లోతు రంధ్రం చేసి ఎం4 మర తీయండి. ముక్కను స్క్రూతో బిగించి, మర మీద మధ్యరకం థ్రెడ్ లాకర్ ఒక చుక్క వేయండి. ఉత్త జిగురుతో అతికించే పని పెట్టుకోవద్దు. అది వేడికి వదిలిందంటే టీపీఎస్ సున్నా దగ్గరే ఆగిపోతుంది, థ్రాటిల్ మాత్రం తెరుచుకుంటూ పోతుంది.

డ్రిల్లు పని థ్రాటిల్ బాడీని మానిఫోల్డ్ నుంచి విప్పాకే. ఇంజిన్ మీద ఉండగా చేస్తే లోహపు రజను నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. బటర్‌ఫ్లై (థ్రాటిల్ లోపలి పళ్లెం) స్క్రూలు మాత్రం ముట్టుకోవద్దు. వాటి చివరలు కొట్టి పరిచి ఉంటాయి. విప్పితే మళ్లీ అలాగే పరచాలి, లేదంటే ఏదో ఒక రోజు వదులై ఇంజిన్ మింగేస్తుంది.

ప్లేటు 6 మిల్లీమీటర్ల అల్యూమినియం చాలు. పాత స్విచ్ రంధ్రాలకు తలలు లోపలికి దిగే కౌంటర్‌సంక్ స్క్రూలు, సెన్సర్‌కి పొడుగు గాళ్లు. ఆ గాళ్లు సెన్సర్‌ని అటు పది ఇటు పది డిగ్రీలు తిప్పుకునేంత ఉండాలి. ప్లేటు నడిమి రంధ్రం షాఫ్ట్‌తో ఒకే కేంద్రంలో ఉందో లేదో చూడటానికి, షాఫ్ట్ మీద సరిగ్గా ఇమిడే బుష్ ఒకటి తిప్పించి దానితో ప్లేటును కూర్చోబెట్టి, ఆ తర్వాత స్క్రూలు బిగించండి. కేంద్రం అర మిల్లీమీటరు తప్పితే సెన్సర్ బేరింగు మీద పక్క బరువు పడుతుంది, ఒక చోట పట్టేసినట్టు తిరుగుతుంది. 0.1–0.2 లోపల ఉంచండి. నమూనా కోసం పీఎల్ఏ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసుకోండి, తప్పు లేదు. ఇంజిన్ మీద వదిలేయకండి, 60 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలకే అది మెత్తబడుతుంది.

బిగించే స్థానం: మూసి ఉన్నప్పుడు సెన్సర్ తన లోపలి ఆపు నుంచి పది డిగ్రీలు ముందుకు తిరిగి ఉండాలి. అప్పుడు పూర్తిగా తెరిచినప్పుడు 92 దగ్గర ఆగుతుంది, అటు పక్క ఇంకో 13 డిగ్రీలు మిగులుతాయి. థ్రాటిల్‌ను ఆపాల్సింది బాడీ మీది ఆపులే. సెన్సర్ ఆపు ముందుగా తగిలితే ఒకటి థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు, లేదా సెన్సర్ పగులుతుంది.

ఈ లెక్కన మీ ట్రాక్ మీద ఒక డిగ్రీకి 0.044 వోల్టులు వస్తాయి. మూసినప్పుడు సుమారు 0.54, తెరిచినప్పుడు 4.12 వోల్టులు కనిపించాలి. ఎదురు దిశ సెన్సర్ తెచ్చుకుంటే ముందు దాని ఓమ్స్ కొలిచి లెక్క మళ్లీ వేసుకోండి.

---

బార్_ఆల్ఫా

వెర్నియర్ గారు చెప్పినదంతా సరే. కానీ ఇంత ఖచ్చితత్వం ఎవరికి అవసరమో కూడా చెప్పాలి.

స్పీడ్ డెన్సిటీలో ఇంధనం లెక్క మ్యాప్ సెన్సర్ చూసుకుంటుంది. టీపీఎస్ పనులు అయిదారే: పెడల్ ఒక్కసారి తొక్కినప్పుడు అదనపు ఇంధనం, ఐడిల్ గుర్తింపు, పెడల్ వదిలినప్పుడు ఇంధనం ఆపడం, స్టార్టింగులో ఫ్లడ్ క్లియర్ (తడిసిన ప్లగ్గులు ఆరడానికి ఇంధనం ఆపడం) లాంటివి. వీటిలో దేనికీ 37 శాతం నిజంగా 37 అయి ఉండాల్సిన పని లేదు. కావలసింది రెండు: మూసిన స్థానానికి ప్రతిసారీ అదే విలువ రావడం, మధ్యలో ఎక్కడా ఎగిరిపడకపోవడం.

ఆల్ఫా–ఎన్ (థ్రాటిల్ స్థానం, ఆర్‌పీఎం చూసి ఇంధనం లెక్కించే పద్ధతి) అయితే కథ వేరు, ఒక్కో సిలిండర్‌కి ఒక్కో థ్రాటిల్ ఉన్నవాళ్లు గమనించాలి. అక్కడ టీపీఎస్సే లోడు. పళ్లెం తెరుచుకునే వైశాల్యం డిగ్రీలతో సమానంగా పెరగదు. పూర్తిగా మూసినప్పుడు సున్నా డిగ్రీలనుకుంటే, 10 డిగ్రీల దగ్గర గొట్టం వైశాల్యంలో 1.5 శాతం, 20 దగ్గర 6 శాతం, 30 దగ్గర 13 శాతం, 60 దగ్గర సగం. అలా చూస్తే మొదటి డిగ్రీలకు విలువ లేదనిపిస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఇంజిన్ అడిగే గాలే తక్కువ, ఆ కొద్ది సందే మానిఫోల్డ్ ఒత్తిడిని బయటి గాలికి దగ్గరగా తెచ్చేస్తుంది. 10 శాతం నుంచి 12కి వెళ్తే ఇంధనం గణనీయంగా మారుతుంది, 70 నుంచి 90కి వెళ్తే దాదాపు ఏమీ మారదు. అందుకే ఆల్ఫా–ఎన్ టేబుల్‌లో వరసలు 0, 2, 4, 6, 9, 13, 18, 25, 35, 50, 70, 100 లాగా కింద దట్టంగా వేసుకోవాలి. అలాంటి టేబుల్ మీద జత ముక్కలో ఒక డిగ్రీ వదులుంటే 1.2 శాతం తేడా, అంటే ఒక వరసలో సగం. సెన్సర్ లోపలి స్ప్రింగు ఆ వదులును ఎప్పుడూ ఒకే వైపు అదిమి పెడుతుంది, దాని అసలు ఉపయోగం అది. స్ప్రింగు లేని సెన్సర్ వాడితే డి రంధ్రం బిగువుగా ఉండి తీరాలి.

ఇక ఎగిరిపడటం గురించి. స్పీడునో టీపీఎస్‌ని 0–255 మెట్లుగా చదువుతుంది, మెట్టుకు దాదాపు 0.02 వోల్టు. మీకు 0.54 నుంచి 4.12 వస్తే 27 నుంచి 210, అంటే 183 మెట్లు. ఒక మెట్టు 0.55 శాతం. సెకనుకు 30 సార్లు చదివే అమరికలో ఒక్క మెట్టు ఊగినా అది సెకనుకు 16 శాతం కదలికగా లెక్కకొస్తుంది. అదనపు ఇంధనం మొదలయ్యే హద్దు సెకనుకు 40 శాతం దగ్గర పెడితే రెండు మెట్ల ఊగుడు కూడా దాని కిందే ఉంటుంది. అదే సెన్సర్ సరిగా కుదరక 1.5 వోల్టుల పరిధే వచ్చిందనుకోండి, 76 మెట్లే మిగులుతాయి. ఒక మెట్టు ఊగితే 39 శాతం. అప్పుడు హద్దు పైకి జరపాలి, జరిపితే మెల్లగా తొక్కిన పెడల్‌కి ఇంధనం అందదు, ఇంజిన్ దగ్గుతుంది. లివర్లు, లింకులు పెట్టి సెన్సర్‌ను నడిపే వాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇదే. నేరుగా షాఫ్ట్ మీద పెట్టడం ఎప్పుడూ మేలు.

వాడిన సెన్సర్ కాబట్టి ట్రాక్ అరుగుదల చూడండి. ఇంజిన్ ఆపి, కీ ఆన్ చేసి, లాగ్ పెట్టి, పది సెకన్లు పట్టేలా మెల్లగా తెరిచి మెల్లగా మూయండి. గీత నున్నగా ఉండాలి. అరుగు ఉంటే మూసిన స్థానం నుంచి కాస్త పైన, బండి ఎక్కువ సేపు నడిచే చోట, గుంటలు కనిపిస్తాయి. డిజిటల్ మీటరులో అవి దొరకవు, అది అంత వేగంగా చూపించదు. ట్రాక్ గుంటలను ఫిల్టర్ పెంచి దాచొద్దు, సెన్సర్ మార్చండి.

---

లూమ్_కట్ట

ధన్యవాదాలు. ఎదురు దిశ సెన్సర్ వెతుకుతాను. ఇంకో రెండు విషయాలు. గ్రౌండ్ వైరును దగ్గరలోనే ఇంజిన్ బ్లాక్‌కి కలిపేస్తే ఏమవుతుంది? క్యాలిబ్రేషన్ చేయకుండా ఒకసారి స్టార్ట్ చేసి చూడొచ్చా?

---

అయిదు_వోల్టులు

బ్లాక్‌కి వద్దు. స్టార్టరు తిరుగుతున్నప్పుడు బ్లాక్‌కి, ఈసీయూ గ్రౌండ్‌కి మధ్య వోల్టులో పదో వంతులు తేడా వస్తుంది. ఇంజెక్టర్లు, కాయిళ్లు పని చేస్తున్నప్పుడు అది గంతులేస్తుంది. మీ లెక్కలో 0.1 వోల్టు అంటే అయిదు మెట్లు, దాదాపు 3 శాతం. సెన్సర్ గ్రౌండ్ ఈసీయూ సెన్సర్ గ్రౌండ్ పిన్నుకే తిరిగి రావాలి, దారిలో ఇంకే బరువైన కరెంటూ ఆ వైరులో పారకూడదు. మూడు వైర్ల షీల్డ్ కేబుల్ వాడి, షీల్డును ఈసీయూ వైపు మాత్రమే గ్రౌండ్ చేయండి. కాయిల్ వైర్ల పక్కనే కట్టకుండా దూరంగా తీసుకెళ్లండి. మెగాస్క్వర్ట్ (ఇంకో రకం ఈసీయూ) వాళ్లు ఎవరైనా చదువుతుంటే: 37 పిన్నుల కనెక్టర్‌లో సిగ్నల్ 22, 5 వోల్టులు 26, గ్రౌండ్‌కి 7 వాడండి.

క్యాలిబ్రేషన్ లేకుండా స్టార్ట్ చేస్తే చాలా సార్లు అసలు స్టార్టే కాదు. ఎందుకంటే ఫ్లడ్ క్లియర్. స్టార్టరు తిరుగుతున్నప్పుడు థ్రాటిల్ పెట్టిన హద్దు (మామూలుగా 70–80 శాతం చుట్టూ) దాటి ఉంటే, ప్లగ్గులు తడిసిపోయాయేమో, ఆరబెడదామని ఈసీయూ ఇంధనం ఆపేస్తుంది. ఎ, సి తారుమారై ఉంటే మూసిన థ్రాటిల్ వందగా కనిపిస్తుంది. స్పార్క్ ఉంటుంది, పంపు తిరుగుతుంది, ఇంజెక్టర్లు మాత్రం కొట్టవు. ఇంజెక్టర్ వైరింగు మొత్తం విప్పి చూసే ముందు తెర మీద టీపీఎస్ ఎంత చూపిస్తోందో ఒకసారి చూస్తే పని తేలిపోతుంది.

వరుస ఇదీ: ముందు థ్రాటిల్ ఆపు స్క్రూ, కేబుల్ సర్దండి. ఆ తర్వాత ఇంజిన్ ఆపి ఉండగా కీ ఆన్ చేసి, ట్యూనర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో టీపీఎస్ క్యాలిబ్రేషన్ తెరిచి మూసిన విలువ తీసుకోండి. తర్వాత పెడల్‌ను సీట్లోంచి నేల దాకా తొక్కి తెరిచిన విలువ తీసుకోండి. బాడీ దగ్గర చేత్తో తిప్పి తీసుకోకండి. ఆపు స్క్రూ తర్వాత ఎప్పుడు కదిపినా మళ్లీ ఇదంతా చేయాలి.

---

లూమ్_కట్ట

ఎదురు దిశ సెన్సర్ బిగించాను, ఓమ్స్ దాదాపు అవే. 5 వోల్టులు ఎక్కడా కదలలేదు, లాగ్ గీత నున్నగా ఉంది. మూసినప్పుడు 29 మెట్లు. చేత్తో తెరిస్తే 211, పెడల్ తొక్కితే మాత్రం 204. ఇంజిన్ బాగా వేడెక్కాక మూసినప్పుడు సున్నా బదులు ఒక శాతం చూపిస్తోంది. మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలా?

---

వెర్నియర్

ఏడు మెట్ల తేడా అంటే మూడు డిగ్రీలు, అది కేబుల్ వదులు. మూసినప్పుడు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఆట ఉంచి మిగతాది బిగించండి. పెడల్ కింద కార్పెట్ అడ్డొస్తోందేమో కూడా చూడండి. తర్వాత 100 శాతం పెడల్‌తోనే తీసుకోండి, 204 కాకుండా ఏది వస్తే అది.

వేడికి వచ్చిన ఆ ఒక్క శాతానికి క్యాలిబ్రేషన్ జోలికి వెళ్లొద్దు. ముందు కేబుల్ సర్దాక అది ఉందో పోయిందో చూడండి. పోకపోతే వేడిగా ఉన్నప్పుడు కేబుల్ బాడీ దగ్గర విప్పి చూడండి: విలువ 29కి దిగితే కేబుల్ లాగుతోంది, దిగకపోతే అది రెండు మెట్ల సహజమైన జరుగుడు. అలాంటప్పుడు ఐడిల్ కంట్రోల్‌కీ, పెడల్ వదిలితే ఇంధనం ఆపేదానికీ హద్దును 2–3 శాతం దగ్గర పెట్టండి. హద్దు ఒక శాతం మీదే ఉంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఐడిల్ బాగుంటుంది, వేడెక్కాక ఈసీయూ థ్రాటిల్ తెరిచే ఉందనుకుని ఐడిల్ వాల్వును వదిలేస్తుంది.